బొగ్గు నుంచి మంచి కోక్: ఏ మీట తిప్పితే ఏం మారుతుంది?

గాలి తగలకుండా బొగ్గును కాల్చితే మిగిలే గట్టి పదార్థమే కోక్; ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్‌కు అదే ఆధారం. ఎం-10, అంటే డ్రమ్ములో తిప్పితే పొడిగా రాలే కోక్ శాతం, పెరిగిందని బ్లాస్ట్ ఫర్నేస్ వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ రాగానే కోక్ ఓవెన్స్‌లో అందరి చూపూ హీటింగ్ మీదికే పోతుంది. టెంపరేచర్ ఎంతుంది, గ్యాస్ ఎంత ఇస్తున్నారు, ఏ ఓవెన్‌లోంచి కోక్‌ను తొందరగా బయటికి తోశారు అని ప్రశ్నలు మొదలవుతాయి. నా లెక్కలో ఇది తలకిందుల పద్ధతి. కోక్ ఎంత బాగా రాగలదన్నది బొగ్గు ఓవెన్‌లో పడకముందే చాలావరకు తేలిపోతుంది. బొగ్గులో ఉన్న బలాన్ని ఓవెన్ పూర్తిగా బయటికి తీయగలదు, లేదంటే పాడు చేయగలదు. లేని బలాన్ని మాత్రం తెచ్చిపెట్టలేదు. అందుకే ఈ మార్గదర్శి బొగ్గు నడిచే దారినే నడుస్తుంది: యార్డు, క్రషర్, ఓవెన్, శీతల గది, ల్యాబ్.

విశాఖ ఉక్కు కర్మాగారపు ఉక్కునగరంలో కొత్తగా డ్యూటీలో చేరిన ట్రైనీలకూ, ఆంధ్రా యూనివర్సిటీలోనో మరో కాలేజీలోనో కెమికల్, మెటలర్జీ చదువుతూ ప్రాజెక్టు కోసం కూర్మన్నపాలెం గేటు దగ్గర పాసు పట్టుకుని నిలబడే పిల్లలకూ పనికొచ్చేలా రాస్తున్నాను. అంకెలు చాలావరకు సాధారణ పరిధులే. మీ బ్యాటరీకి (పక్కపక్కన వరసగా కట్టిన ఓవెన్ల గుంపుకు) రాసిపెట్టిన ప్రమాణం వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

కోక్ చేయాల్సిన పని

బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్‌కు మూడు పనులు. మండి వేడినివ్వాలి, ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసే వాయువునివ్వాలి, పైనున్న బరువునంతా మోస్తూ గాలి పైకి పోయేందుకు సందులు ఉంచాలి. మొదటి రెండు పనుల్లో కొంత భాగాన్ని ట్యూయర్ల (ఫర్నేస్‌లోకి వేడి గాలి పంపే గొట్టాల) గుండా ఊదే బొగ్గుపొడి చేసిపెడుతుంది. మూడో పనికి ప్రత్యామ్నాయం లేదు. ఇనుము, స్లాగ్ అనే మలినాల చిట్టెం కరిగి కిందికి కారే చోట గట్టిగా మిగిలే పదార్థం కోక్ ఒక్కటే. విశాఖలో గోదావరి, కృష్ణ ఫర్నేసుల్ని మొదట కట్టిందే 3,200 ఘనపు మీటర్ల పరిమాణంతో. ఆ తర్వాత మూడో ఫర్నేసు అన్నపూర్ణ వచ్చింది. ఇంత పెద్ద ఫర్నేసులో కోక్ చితికి పొడైతే సందులు మూసుకుపోతాయి, గాలి ఎదురు తన్నుతుంది, ఉత్పత్తి పడిపోతుంది. కోక్ గట్టిదనం మీద అంత పట్టింపు ఎందుకంటే ఇందుకే.

మెట్టు 1: బొగ్గు తత్వం చూడండి

నల్లగా ఉన్నదల్లా కోక్ కాదు. సింగరేణి బొగ్గునో తాల్చేరు బొగ్గునో గాలి తగలకుండా ఎంత కాల్చినా పొడిపొడిగానే మిగులుతుంది. బాయిలర్‌కు అది బంగారమే, ఓవెన్‌కు మాత్రం పనికిరాదు. కోకింగ్ బొగ్గు అలా కాదు. దాదాపు 350 నుంచి 400 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, 430–450 ప్రాంతంలో బాగా జారుగా అవుతుంది, 500 దగ్గరికొచ్చేసరికి మళ్ళీ గట్టిపడుతుంది. మెత్తబడిన ఆ కాసేపట్లోనే గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. కోక్ బలమంతా అక్కడ పుడుతుంది.

ల్యాబ్ రిపోర్టులో బూడిద, వొలటైల్స్ (వేడికి ఆవిరై పోయే భాగం), స్వెల్లింగ్ నంబర్ (ఎంత పొంగుతుందో), ఫ్లూయిడిటీ (మెత్తబడినప్పటి జారుదనం), విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ (బొగ్గు ఎంత పరిణతి చెందిందో చెప్పే మెరుపు) అని అయిదు అంకెలు కనిపిస్తాయి. చాలామంది స్వెల్లింగ్ నంబర్ ఒక్కటి చూసి తృప్తి పడిపోతారు. ఆ పరీక్షలో ఒక్క గ్రాము బొగ్గును రెండున్నర నిమిషాల్లో 820 డిగ్రీలకు తీసుకెళ్తారు. ఓవెన్‌లోనేమో బొగ్గు నిమిషానికి మూడు డిగ్రీల చొప్పున, కొన్నిచోట్ల ఇంకా నెమ్మదిగా వేడెక్కుతుంది. అంత వేగంగా కాల్చినప్పుడు పొంగిన బొగ్గు, నెమ్మదిగా కాల్చినప్పుడు కూడా అంతే బాగా అతుక్కుంటుందన్న హామీ లేదు. నిమిషానికి మూడు డిగ్రీలతోనే జరిపే గీసెలర్ ఫ్లూయిడిటీ పరీక్ష ఓవెన్ పరిస్థితికి దగ్గర. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

మెట్టు 2: కలపడం

ఒకే బొగ్గుతో కోక్ చేసే ప్లాంట్లు ఇప్పుడు అరుదు. విశాఖలో గట్టి కోకింగ్ బొగ్గు ఓడల్లో, ముఖ్యంగా ఆస్ట్రేలియా నుంచి, వస్తుంది. గంగవరం పోర్టు నుంచి కన్వేయర్ మీద నేరుగా ప్లాంటుకు చేరే ఏర్పాటుంది. దానికి మెత్తటి కోకింగ్ బొగ్గునూ, మన దేశపు మీడియం కోకింగ్ బొగ్గునూ కలుపుతారు. కలిపిన మిశ్రమంలో వొలటైల్స్ 24–27 శాతం మధ్య, రిఫ్లెక్టెన్స్ 1.1–1.3 మధ్య ఉంటే మామూలుగా దారిలో ఉన్నట్టే.

సగటు ఒక్కటే చూస్తే మోసపోతారు. రిఫ్లెక్టెన్స్ 0.8 ఉన్నదీ, 1.5 ఉన్నదీ కలిపినా 1.15 వస్తుంది. కానీ మొదటిది మెత్తబడి గట్టిపడే వేళకు రెండోది ఇంకా సరిగా కరగదు. రెండూ ఒకే ఉష్ణోగ్రత పరిధిలో కాసేపైనా కలిసి మెత్తగా ఉంటేనే అతుకు పడుతుంది. మధ్యలో వారధిలా పనిచేసే మూడో బొగ్గు లేకుండా రెండు కొసల్ని కలపడం చవకగా కనిపిస్తుంది గానీ, చివరికి ఎం-10లో బిల్లు పడుతుంది.

బూడిద లెక్క సులువే. ఓవెన్‌లో బూడిద ఎక్కడికీ పోదు, బొగ్గు బరువు మాత్రం తగ్గుతుంది. మిశ్రమంలో 9.5 శాతం బూడిద ఉండి, నూటికి 75 పాళ్ళు కోక్ వస్తే, కోక్‌లో బూడిద 9.5ను 0.75తో భాగిస్తే వచ్చే 12.7 శాతం. ఇది హీటింగ్ మార్చితే తగ్గేది కాదు. బూడిద ఎంతుందన్నదే కాదు, అందులో ఏముందన్నదీ ముఖ్యమే. ఇనుము, కాల్షియం, సోడియం, పొటాషియం ఎక్కువుంటే అవి కార్బన్ డయాక్సైడ్‌తో కోక్ చర్యను వేగపరుస్తాయి. ఎం-40 (డ్రమ్ములో విరగకుండా మిగిలే పెద్ద ముక్కల శాతం) బాగున్నా సీఎస్ఆర్ (కార్బన్ డయాక్సైడ్ తగిలాక మిగిలే బలం) ఎందుకు పడిందో అర్థంకానప్పుడు ఈ వైపు చూడండి.

మెట్టు 3: యార్డులో బొగ్గు పాతబడకుండా

కోకింగ్ బొగ్గు గాలికి పాడవుతుంది. ఆక్సిజన్ పట్టిన కొద్దీ ముందు ఫ్లూయిడిటీ పడిపోతుంది, ఆ తర్వాత స్వెల్లింగ్ నంబర్ తగ్గుతుంది. బూడిద, వొలటైల్స్ పెద్దగా కదలవు కాబట్టి మామూలు విశ్లేషణ రిపోర్టులో ఈ జబ్బు కనబడదు. సముద్రం పక్కన ఉక్కపోతలో, ఎండావానా మార్చి మార్చి తగిలే విశాఖ లాంటి చోట కుప్పల్ని నెలల తరబడి వదిలేయకూడదు. ముందొచ్చింది ముందు వాడాలి, కుప్పను దొర్లించి గట్టిగా అదమాలి, లోపలి వేడిని చూస్తూ ఉండాలి. కుప్పలోంచి సన్నగా పొగ లేస్తోందంటే ఆ భాగాన్ని ఓవెన్ మిశ్రమంలోకి రానివ్వకండి.

మెట్టు 4: నలగ్గొట్టడం

మూడు మిల్లీమీటర్ల కంటే సన్నటిది 75–80 శాతం ఉండేలా క్రష్ చేయడం మామూలు పద్ధతి. ఇంకా సన్నగా కొడితే ఇంకా మంచిది అనుకోవడం తప్పు.

బొగ్గులో కరిగే భాగాలుంటాయి, కరగని భాగాలుంటాయి. కరగని గింజ పెద్దదిగా మిగిలితే, కోక్ గట్టిపడి ముడుచుకునేటప్పుడు పగులు సరిగ్గా దాని చుట్టూనే మొదలవుతుంది. అందుకే గట్టి రకాల్ని, కరగని భాగం ఎక్కువున్నవాటిని సన్నగా కొట్టాలి. కరిగే భాగాన్ని మరీ పిండి చేస్తే దాని జారుదనం తగ్గుతుంది, ఓవెన్‌లో బొగ్గు వదులుగా పడుతుంది, చార్జింగ్‌లో దుమ్ము లేచి తారులోకి పోతుంది. వీలుంటే గట్టి రకాల్ని విడిగా క్రష్ చేసి తర్వాత కలపండి. అన్నీ కలిపి ఒకే క్రషర్‌లో వేస్తే మెత్తటిది పిండవుతుంది, గట్టిది గింజగానే మిగులుతుంది. సగటు మాత్రం 80 శాతం అని రిపోర్టులో అందంగా కనిపిస్తుంది. కాబట్టి ఆ ఒక్క అంకెతో ఆగకుండా, 5 మిల్లీమీటర్ల జల్లెడ మీద మిగిలినదాన్ని చేతిలోకి తీసుకుని అది ఏ రకం బొగ్గో చూడండి.

మెట్టు 5: తేమ, బల్క్ డెన్సిటీ

నాకు నచ్చిన మెట్టు ఇది. ఇక్కడ లెక్క చేతికి అందుతుంది.

పొడి బొగ్గుకు కొంచెం నీరు తగిలితే గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని గుల్లగా నిలబడతాయి. తేమ పెరిగేకొద్దీ ఘనపు మీటరులో పట్టే బొగ్గు, అంటే బల్క్ డెన్సిటీ, తగ్గుతూ, 6–8 శాతం తేమ దగ్గర అతి తక్కువకు చేరుతుంది. ఆ తర్వాత నీరే జారుడు తెచ్చి మళ్ళీ కొంచెం పెరుగుతుంది. వాన బొగ్గు ఓవెన్‌లో బాగానే పట్టిందని సంతోషించడానికి లేదు, అందులో కొంత నీళ్ళ బరువే.

విశాఖ ఓవెన్లు 7 మీటర్ల ఎత్తువి. ఒక్కోదాని ఉపయోగ పరిమాణం 41.6 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 0.75 టన్నుల పొడి బొగ్గు చొప్పున వేసుకుంటే 31 టన్నులు పైచిలుకు. తేమ 7 శాతం ఉన్నప్పుడు ఆ బొగ్గుతో పాటు వెళ్ళే నీరు 2.3 టన్నులు. అదే 10 శాతం అయితే 3.4 టన్నులు. అంటే ఓవెన్‌కు 1.1 టన్నుల నీరు అదనం. 30 డిగ్రీల నీటిని ఆవిరి చేయడానికి కిలోకు దాదాపు 610 కిలోకేలరీలు కావాలి. కోక్ ఓవెన్ గ్యాస్ ఘనపు మీటరుకు 4,200 కిలోకేలరీలు ఇస్తుందనుకుంటే, ఒక్క ఓవెన్‌కే 160 ఘనపు మీటర్ల గ్యాస్ అదనంగా కాలాలి. ఆవిరి ఇంకా వేడెక్కి పోయేదీ, చిమ్నీలో పోయేదీ ఇందులో లేవు. ఇప్పుడు ఈ లెక్కను ఒక్కోదాంట్లో 67 ఓవెన్లున్న బ్యాటరీలకు వేసి చూడండి.

గ్యాస్ ఖర్చు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. అసలు చిక్కు సమయంతో. ఓవెన్ నడిమధ్యలో నీరు ఇంకేదాకా ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే మొండికేసి కూర్చుంటుంది. తేమ పెరిగినా పుషింగ్ షెడ్యూల్ మార్చకపోతే మధ్య భాగం పచ్చిగా బయటికొస్తుంది. అందుకని తేమను షిఫ్టుకు ఒకసారైనా కొలిచి, పెరిగితే హీటింగ్ వాళ్ళకు అప్పుడే చెప్పాలి. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో కుప్ప పై పొరకూ లోపలికీ తేమలో చాలా తేడా ఉంటుంది. బంకర్‌కు ఎక్కడినుంచి ఎత్తారో అడగకుండా సగటు తేమ రాసుకుంటే లాభం లేదు.

బల్క్ డెన్సిటీ పెరిగితే గింజలు దగ్గరపడి అతుకు గట్టిపడుతుంది. నాసి బొగ్గు వాడుకోవాలనుకున్నవాళ్ళు స్టాంప్ చార్జింగ్‌కు వెళ్ళేది ఇందుకే. దిమ్మిసతో దట్టించి ఘనపు మీటరుకు టన్ను దాకా పట్టిస్తారు. పైనుంచి పోసే ఓవెన్లలో అంత కుదరదు. బొగ్గును ముందే కొంత ఆరబెట్టడం, కొంత బొగ్గును బ్రికెట్లుగా చేసి కలపడం లాంటి దారులున్నాయి. ఏ దారిలో వెళ్ళినా ఒక జాగ్రత్త తప్పదు. వొలటైల్స్ తక్కువున్న బొగ్గు బాగా దట్టిస్తే లోపలి ఒత్తిడి పెరిగి గోడను తోస్తుంది. సిలికా ఇటుక గోడ ఒకసారి వంగితే దాన్ని సరిచేయడం అంత సులువు కాదు.

మెట్టు 6: ఓవెన్ లోపల

ఓవెన్ సగటు వెడల్పు 410 మిల్లీమీటర్లు. పొడవు 16 మీటర్ల దాకా ఉంటుంది. అంటే నిలబెట్టిన సన్నటి గది. రెండు పక్కలా గోడల్లో ఉన్న నిలువు గొట్టాల్లో, అంటే ఫ్లూలలో, గ్యాస్ మండుతూ 1,250–1,350 డిగ్రీల మధ్య ఉంటుంది. వేడి రెండు గోడల నుంచి మధ్యకు నడుస్తుంది. గోడను ఆనుకున్న బొగ్గు ముందు మెత్తబడి, అంగుళంలో సగం మందమున్న ప్లాస్టిక్ పొరగా మారుతుంది. ఆ పొర అలాగే లోపలికి జరుగుతూ పోతుంది. దాని వెనక అప్పటికే గట్టిపడిన సెమీ కోక్ (ఇంకా పూర్తిగా కాలని కోక్), ముందు ఇంకా తడి బొగ్గు. చివరికి రెండు వైపుల పొరలూ నడిమధ్య కలుసుకుంటాయి. 16 గంటల కోకింగ్ వేసుకుంటే వేడి ఒక్కో గోడ నుంచి గంటకు 13 మిల్లీమీటర్ల లోపే లోపలికి చొచ్చుకుపోతోందన్నమాట.

చల్లారిన కోక్ ముక్క ఒకటి చేతికి తీసుకుంటే ఈ కథంతా దాని మీదే కనిపిస్తుంది. వేలులా పొడుగ్గా ఉన్న ముక్కను చూడండి. ఒక కొస కాలీఫ్లవర్ పువ్వులా బుడిపెలు బుడిపెలుగా, గట్టిగా, వెండి మెరుపుతో ఉంటుంది. అది గోడను ఆనుకున్న వైపు. రెండో కొస గుల్లగా, పెద్ద రంధ్రాలతో స్పాంజిలా ఉంటే అది ఓవెన్ నడిమధ్యది. ముక్క పొడుగు ఎంతున్నా ఓవెన్ సగం వెడల్పును, అంటే 205 మిల్లీమీటర్లను, దాటదు. పొడుగునా నిలువు పగుళ్ళు కిక్కిరిసి ఉంటే వేడి జోరు ఎక్కువైందని అర్థం. రెండు ముక్కల్ని ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమనాలి. దబ్బుమని మోగి, చేతికి మసి అంటిందంటే అది పచ్చి కోక్.

ఇక హీటింగ్ మీటను తిప్పితే ఏమవుతుంది? ఇక్కడే చాలామంది తికమక పడతారు, ఎందుకంటే ఒకే మార్పు రెండు వైపులా పనిచేస్తుంది.

వేడి ఎక్కే వేగం పెంచితే బొగ్గు ఎక్కువ జారుగా కరుగుతుంది, మెత్తగా ఉండే ఉష్ణోగ్రత పరిధి విశాలమవుతుంది, గింజలు బాగా అతుక్కుంటాయి. అంటే అరుగుదల తగ్గి ఎం-10 మెరుగుపడే అవకాశముంది. అదే సమయంలో గోడకూ మధ్యకూ ఉష్ణోగ్రత తేడా పెరుగుతుంది. 500 డిగ్రీలు దాటాక సెమీ కోక్ ముడుచుకోవడం మొదలవుతుంది. పక్కపక్క పొరలు ఒకే వేగంతో ముడుచుకోకపోతే పగుళ్ళు పడతాయి. ముక్కలు చిన్నవవుతాయి, ఎం-40 దిగుతుంది. నెమ్మదిగా కాల్చితే దీనికి తలకిందులు: ముక్క పెద్దది, పగుళ్ళు తక్కువ, అతుకు మాత్రం బలహీనం కావచ్చు. కాబట్టి ఉత్పత్తి పెంచమన్నప్పుడు టెంపరేచర్ ఎక్కించి టైమ్ తగ్గిస్తే సగటు సైజు తగ్గుతుందని ముందే చెప్పేయడం మంచిది. తర్వాత గొడవలుండవు.

ఫ్లూయిడిటీ బాగా ఉన్న మిశ్రమానికి వేగం పెంచితే లాభం కన్నా నష్టమే ఎక్కువ. దానికి అతుకు ఎలాగూ దొరుకుతుంది, పగుళ్ళు మాత్రం మిగులుతాయి. ఫ్లూయిడిటీ బొటాబొటిగా ఉన్న మిశ్రమానికి కొంచెం జోరు మేలు చేస్తుంది. పక్క ప్లాంటులో పనిచేసిన సెట్టింగ్ మన దగ్గర ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇదే.

సగటు టెంపరేచర్ కంటే సమానత్వం ముఖ్యం. కోక్ కేకును (ఓవెన్ నిండా ఉన్న కోక్ దిమ్మను) పుషర్ (తోసే యంత్రం) వైపు నుంచి కోక్ వైపుకు తోస్తారు. అది ఇరుక్కోకుండా జారడానికి కోక్ వైపు ఓవెన్ కొంచెం వెడల్పుగా ఉంటుంది. వెడల్పున్న చోట బొగ్గు ఎక్కువ, కాబట్టి అటు ఫ్లూల టెంపరేచర్ కూడా క్రమంగా పెరగాలి. ఒక్కో ఫ్లూను దూరం నుంచే వేడి కొలిచే పైరోమీటర్‌తో చూసి గ్రాఫ్ గీస్తే వాలుగా, నున్నటి గీత రావాలి. మధ్యలో ఒక ఫ్లూ గుంటలా పడిపోయిందంటే దాని నాజిల్ మూసుకుపోయిందో, గాలి సరిగా అందట్లేదో చూడాలి. ఆ ఒక్క ఫ్లూ ఎదురుగా ఉన్న బొగ్గు పచ్చిగా ఉంటే బ్యాటరీ మొత్తం వేడి పెంచుతారు కొందరు. ఒక్కడికి జ్వరమొస్తే వీధి మొత్తానికి మాత్రలు పంచినట్టు ఉంటుందది. రివర్సల్ (మంట కొన్ని ఫ్లూల నుంచి మిగతా ఫ్లూలకు మారడం) అయిన వెంటనే ఒక ఫ్లూనూ, పది నిమిషాల తర్వాత ఇంకో ఫ్లూనూ చూసి పోల్చకండి. రివర్సల్ తర్వాత ఎప్పుడూ ఒకే సమయానికి కొలవాలి.

ఎత్తులోనూ ఇదే కథ. 7 మీటర్ల గోడ పైనా కిందా ఒకేలా కాలాలి. కోక్ ఓవెన్ గ్యాస్ మంట పొట్టిది, అడుగున వేడి పోగవుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ లాంటి పలచటి గ్యాస్ మంట పొడుగ్గా సాగుతుంది. కోక్ కేకు అడుగున బాగా ఉడికి, పైన పచ్చిగా వస్తుంటే మంట పొడుగు గురించి ఆలోచించండి. ఓవెన్ పైభాగంలో బొగ్గుకూ కప్పుకూ మధ్య ఉండే ఖాళీలో మాత్రం వేడి మితిమీరకూడదు. అక్కడ మితిమీరితే గ్యాస్, తారు ఆవిర్లు విరిగి కప్పుకు కార్బన్ పేరుకుంటుంది, తారు చిక్కబడుతుంది, బెంజోల్ (గ్యాస్‌లోంచి తీసే బెంజీన్ లాంటి నూనెలు) నష్టం. పైన బొగ్గును చదును చేసే లెవెలింగ్ సరిగా చేయక బొగ్గు తక్కువ నింపినా ఇదే జరుగుతుంది.

గ్యాస్ మెయిన్ (ఓవెన్ల గ్యాస్‌ను పోగుచేసే పెద్ద గొట్టం) ప్రెజర్‌ను కూడా చూసుకోవాల్సిన కండిషనే అనుకోండి. కోకింగ్ చివర్లో గ్యాస్ తగ్గిపోతుంది. అప్పుడు ఓవెన్ అడుగున ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గితే తలుపు సందుల్లోంచి గాలి లోపలికి పీలుస్తుంది. కోక్ మండి బూడిదవుతుంది, ఇటుక దెబ్బతింటుంది. ఎక్కువైతే తలుపుల నుంచి పొగ కక్కుతుంది. ఆ పొగలో బెంజీన్, క్యాన్సర్ తెచ్చే తారు ఆవిర్లు ఉంటాయి కాబట్టి మాస్క్ లేకుండా బ్యాటరీ టాప్ మీద తిరగడం మగతనం కాదు, మొండితనం.

మెట్టు 7: ఎప్పుడు తోయాలి

కేకు మధ్యలో 950–1,050 డిగ్రీలు వచ్చాక కూడా కొంతసేపు అలాగే ఉంచడాన్ని సోకింగ్ అంటారు. ఆ సమయంలో మిగిలిన వొలటైల్స్ పోతాయి, కేకు ముడుచుకుని గోడను వదులుతుంది, కార్బన్ నిర్మాణం కుదురుకుని సీఎస్ఆర్ కొంత మెరుగవుతుంది. వొలటైల్స్ 1 శాతం లోపు ఉండటం మంచి కోక్ లక్షణం.

తొందరపడి తోస్తే కేకు గోడను పూర్తిగా వదలదు. పుషర్ మోటర్ ఆంపియర్లు పెరుగుతాయి, మరీ ఎక్కువైతే ఓవెన్ ఇరుక్కుంటుంది. తోసేటప్పుడు నల్లటి పొగ, పసుప్పచ్చ మంట కనిపిస్తే పచ్చిగా ఉందని దూరం నుంచే చెప్పొచ్చు. పుషర్ మీద ఏళ్ళుగా పనిచేసిన ఆపరేటర్ ట్రైనీతో, "తమ్ముడూ, ఏటా కాగితాలు తిప్పుతున్నావ్? ముందు ఆంపియర్లు చూడు, ఓవెన్ కడుపులో ఏముందో అదే చెప్తాది" అంటాడు. నిజమే. ప్రతి ఓవెన్ పుషింగ్ కరెంటు రాసుకుంటే వారం తిరిగేసరికి ఏ ఓవెన్‌కు జబ్బుందో తెలిసిపోతుంది.

మరీ ఆలస్యం చేసినా మంచిది కాదు. కేకు కుంగి, పెళుసుబడి, తోసేటప్పుడు విరుగుతుంది. గ్యాస్ దండగ. అన్నింటికన్నా చెడ్డది, ఒక ఓవెన్ ముందుగా, ఒకటి ఆలస్యంగా తోస్తూ పోవడం. పక్క ఓవెన్ల వేడి దీని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఒక ఓవెన్ టైమ్ తప్పితే చుట్టుపక్కలవీ తప్పుతాయి. బ్యాటరీని చల్లార్చి మళ్ళీ మొదలుపెడదాం అనుకోవడానికీ లేదు. సిలికా ఇటుక చల్లారేటప్పుడు రూపం మారి పగులుతుంది. అందుకే ఒకసారి వెలిగించిన బ్యాటరీ దశాబ్దాల తరబడి ఆరదు.

మెట్టు 8: చల్లార్చడం

ఎర్రటి కోక్ మీద నీళ్ళు గుమ్మరించడం పాత పద్ధతి. ఆ దెబ్బకు కోక్ బీటలు వారుతుంది, తేమ పట్టి బరువు మారుతూ ఉంటుంది, వేడంతా ఆవిరై ఆకాశానికి పోతుంది. విశాఖ ఉక్కు మొదటినుంచీ డ్రై కూలింగ్ దారి పట్టింది. వెయ్యి డిగ్రీల పైచిలుకు వేడితో వచ్చిన కోక్‌ను మూసిన గదిలో పోసి, కింది నుంచి నైట్రోజన్ పంపి, 200 డిగ్రీల ప్రాంతానికి దించుతారు. ఆ వేడితో ఆవిరి, ఆవిరితో కరెంటు.

నాణ్యత పరంగా లాభం రెండు రకాలు. ఆ గది పైభాగంలో కాసేపు నిలిచేటప్పుడు కోక్‌కు ఇంకొంచెం సోకింగ్ దొరుకుతుంది, ఓవెన్లో మిగిలిన చిన్న తేడాలు సర్దుకుంటాయి. గదిలో కిందికి దిగుతూ ఒకదానికొకటి రాసుకోవడంతో, ఎలాగూ విరగాల్సిన బలహీన ముక్కలు అక్కడే విరిగిపోతాయి. ఫర్నేస్‌కు వెళ్ళేది అప్పటికే పరీక్ష పాసైన కోక్. తడిగా చల్లార్చినదానితో పోలిస్తే ఎం-40 మూడు నాలుగు పాయింట్లు మెరుగ్గా ఉండటం మామూలే. తేమ కూడా అర శాతం లోపే. తిరిగే వాయువులో గాలి చొరబడితే మాత్రం కోక్ అక్కడే కాలిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ శాతాలు గమనిస్తూ ఉండాలి. నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు. ఆ గదుల దగ్గరికి గ్యాస్ మీటరు లేకుండా పోవద్దు.

పక్కదారిలో వచ్చేవాటి మాట రెండు ముక్కల్లో: టన్ను పొడి బొగ్గుకు 300 ఘనపు మీటర్లకు పైగా గ్యాస్, మూడు నాలుగు శాతం తారు, శాతం అటూఇటూ బెంజోల్, ఇంకా కొంచెం అమ్మోనియా. ఆ అమ్మోనియానే సల్ఫేట్ ఎరువై 'పుష్కల' పేరుతో రైతుకు చేరుతుంది. ఓవెన్ టెంపరేచర్ పెంచితే తారు, బెంజోల్ విరిగి గ్యాస్ ఎక్కువవుతుంది.

మెట్టు 9: ఫలితాన్ని చదవడం

మైకమ్ పరీక్షలో 60 మిల్లీమీటర్ల పైబడిన 50 కిలోల కోక్‌ను డ్రమ్ములో వంద చుట్లు తిప్పుతారు. 40 మిల్లీమీటర్ల పైన మిగిలిన శాతం ఎం-40, 10 కింద రాలిన శాతం ఎం-10. సీఎస్ఆర్ పరీక్ష వేరు: 20 మిల్లీమీటర్ల ప్రాంతం ముక్కలు 200 గ్రాములు తీసుకుని, 1,100 డిగ్రీల దగ్గర రెండు గంటలు కార్బన్ డయాక్సైడ్ పంపి, ఆ తర్వాత 600 చుట్లు తిప్పుతారు; విరగకుండా మిగిలిన శాతమే సీఎస్ఆర్. పెద్ద ఫర్నేసులు సీఎస్ఆర్ 65 దాకా అడుగుతాయి.

మూడు అంకెల్నీ కలిపి చదవాలి. ఎం-40 పడి, ఎం-10 కదలకపోతే పగుళ్ళ సమస్య. హీటింగ్ జోరు, కరగని పెద్ద గింజలు చూడండి. ఎం-10 పెరిగి, ఎం-40 బాగానే ఉంటే అతుకు సమస్య. ఫ్లూయిడిటీ, పాతబడిన బొగ్గు, బల్క్ డెన్సిటీ చూడండి. రెండూ ఒకేసారి చెడితే పచ్చి కోక్ అని అనుమానించి తేమ, పుషింగ్ టైములు తిరగేయండి. రెండూ బాగుండి సీఎస్ఆర్ ఒక్కటే పడితే అది బొగ్గు ర్యాంకుదో (పరిణతిదో), బూడిదలోని క్షారాలదో. హీటింగ్ వాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు.

కాలేజీ ల్యాబ్‌లో పిల్లలు చేయదగ్గ ప్రయోగం ఒకటి: కోకింగ్ బొగ్గును సన్నగా నూరి స్వెల్లింగ్ నంబర్ తీయండి. అదే నమూనాను పలచగా పరిచి, 105 డిగ్రీల ఓవెన్‌లో గాలి ఆడేలా ఉంచి, రోజుకోసారి కొంచెం తీసి మళ్ళీ పరీక్షించండి. పరీక్షలో మిగిలిన కోక్ బటన్లను (బిళ్ళల్ని) వరసగా పేర్చి ఫొటో తీస్తే, యార్డులో పాతబడటమంటే ఏమిటో పది పేజీల రిపోర్టు కంటే బాగా తెలుస్తుంది. ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి.

విచారణ మొదలుపెట్టే ముందు టైములు కలపడం మర్చిపోకండి. ఈ ఉదయం ల్యాబ్‌లో తిరిగిన కోక్ ఈ ఉదయపు బొగ్గుది కాదు. శీతల గదిలో కొన్ని గంటలు, ఓవెన్‌లో 16 గంటలో అంతకు మించో, దానికి ముందు కోల్ టవర్‌లో, బ్లెండింగ్ బిన్లలో ఇంకొన్ని గంటలు. కాబట్టి నమూనా తీసిన టైము నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, ఆ బొగ్గు చార్జ్ అయిన షిఫ్టు తేమ రీడింగు, దానికి ముందు షిఫ్టు క్రషర్ రీడింగు, అంతకు ముందు యార్డులో ఏ కుప్ప ఎత్తారో ఒకే వరుసలో రాసుకోండి. లాగ్‌బుక్‌లో దీనికోసం ఒక అడ్డ గడి గీసుకుంటే చాలు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.